ప్రాచీన గ్రీకుల రాజకీయ తత్త్వం ఈనాటికీ పనికొస్తుందా?

పనికొస్తుంది, అయితే వాళ్ల జవాబుల కంటే వాళ్లు వేసిన ప్రశ్నలే ఎక్కువ గట్టిగా నిలిచాయి. ఎవరు పాలించాలి, ఎవరి మేలు కోసం, అధికారం చెడిపోకుండా ఆపేది ఏమిటి అన్న చిక్కులు నగరరాజ్యాలతో పాటు పోలేదు. (బానిసత్వం సహజమన్న అరిస్టాటిల్ వాదన మాత్రం ఎప్పుడో కూలిపోయింది.)

ఉదాహరణకు, పదవులకు చీటీలు తీయడం ప్రజాస్వామ్య లక్షణమనీ, ఎన్నికలు పెట్టడం కొద్దిమంది పాలనకు లక్షణమనీ అరిస్టాటిల్ లెక్కగట్టాడు. మనకు ఇది తలకిందులుగా తోస్తుంది. కానీ ఎన్నికల్లో డబ్బు, పేరు, వంశం ఉన్నవారిదే పైచేయి. చీటీకి ఆ తేడాలు తెలియవు. ఏథెన్స్‌లో 500 మంది మండలిని ఏటా చీటీతోనే ఎంచేవారు. సేనానులను మాత్రం ఎన్నుకునేవారు, యుద్ధాన్ని అదృష్టానికి వదిలేయలేరు కదా! ఐర్లండ్ కూడా 2016లో 99 మంది పౌరులను యాదృచ్ఛికంగా ఎంచి, గర్భస్రావ చట్టం వంటి అంశాలపై చర్చకు కూర్చోబెట్టింది.

గ్రీకు తత్త్వవేత్తలంతా ప్రజాస్వామ్యానికి వకీళ్లన్నది చాలామందికి ఉన్న అపోహ. ప్లేటోకు అది నిరంకుశత్వానికి దారితీసే మెట్టు. అరిస్టాటిల్ దాన్ని దారితప్పిన పాలనల్లోనే చేర్చాడు, కాకపోతే వాటిలో అన్నిటికంటే తక్కువ చెడ్డదన్నాడు.