తలకిందుల చేపకు చీకటి కావాలి

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి టెన్షన్‌గా ఫోన్ చేసి, "మావయ్యా, కొత్త చేప వెల్లకిలా తిరుగుతోంది, చచ్చిపోతోందా?" అని అడిగావు. కంగారు పడకు. దాని ఈతే అంత.

పేరు సైనోడాంటిస్ నైగ్రివెంట్రిస్, మీసాలుండే జెల్లల జాతి చేప. పేరులోని రెండో మాటకు అర్థం నల్ల పొట్ట. మామూలు చేపకు వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉంటుంది. ఇది పొట్ట పైకి పెట్టి ఈదుతుంది కాబట్టి దీనికి పొట్టే ముదురు. పుట్టిల్లు ఆఫ్రికాలోని కాంగో నదీ ప్రాంతం. పగలంతా మునిగిన కొమ్మలకు అడుగున అతుక్కుని ఉంటుంది. చీకటి పడ్డాకే బయటికొచ్చి, నీటి పైన పడ్డ పురుగుల్ని అందుకుంటుంది.

నువ్వు పంపిన ఫోటోలో రంగురాళ్ళు, ప్లాస్టిక్ కోట, పదింటికి కూడా తెల్ల లైటు కనిపించాయి. దానికి దాక్కునే చోటే లేదురా! గరుకు రాళ్ళు మీసాలను గీరేస్తాయి, తీసేసి సన్నటి ఇసుక వెయ్యి. ఒక్కదాన్నే ఉంచకు. పెరిగినా సుమారు 10 సెంటీమీటర్లే కాబట్టి, తొట్టి పెద్దదైతే మూడు నాలుగు కలిపి పెంచు. అవి గుంపులో బతికే చేపలు.

తిండి దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. పొద్దున్నే మేత వేసి ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. పగటి చేపలే మొత్తం తినేసేవి. దీని పొట్ట లోపలికి పోయి కనిపించేదాకా నాకు తెలియలేదు. నువ్వు లైటు ఆపిన అరగంటకు మేత వెయ్యి. అడుగుకు మునిగే గుళికలు, మధ్యమధ్య బ్లడ్‌వర్మ్స్ అనే సన్నటి ఎర్ర పురుగులు. చూడాలనిపిస్తే టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూడు. మొద్దు కింద మీసాలాడిస్తూ తిరిగే ఆ చేపను చూస్తూ నేను ఎన్ని రాత్రులు కూర్చున్నానో!

ఒక మాట గట్టిగా చెబుతున్నా. దాన్ని వలతో పట్టకు. మిగతా జెల్లలకున్నట్టే దీనికీ వీపు మీద, రెండు పక్కలా ముళ్ళుంటాయి. బెదిరితే నిలబెట్టి బిగించేస్తుంది. ఒకసారి అవి వలకు చిక్కుకుంటే తొందరపడి లాగాను. కిర్రుమని అరిచింది. ముల్లు విరిగింది, నాలుగు రోజులకు చేప పోయింది. ఆ అరుపు ఇప్పటికీ గుర్తొస్తుంది. వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా నీళ్ళలో ముంచి, అందులోకి మెల్లగా తోలు.

వెల్లకిలా ఉండటం జబ్బు కాదన్నాను కదా, మరి జబ్బెలా తెలుస్తుంది? పట్టపగలు మిగతా చేపలతో పాటు ఇదీ పైకొచ్చి, మొప్పలు గబగబా ఆడిస్తుంటే నీళ్ళలో గాలి తగ్గిందన్నమాట. కరెంటు పోయినప్పుడు చూసుకో, బ్యాటరీ పంపు ఒకటి కొనుక్కో. దీని ఒంటికి పొలుసులుండవు, మందులు త్వరగా వికటిస్తాయి. షాపువాళ్ళు ఏ మందిచ్చినా నాకు ఫోన్ చెయ్యకుండా పొయ్యకు. కుళాయి నీళ్ళు క్లోరిన్ పోగొట్టాకే వాడు.

ఆదివారం వస్తున్నా. నా పాత తొట్టిలోని మొద్దు, అడుగున గుల్లగా ఉన్నది, తెస్తాను. అప్పటిదాకా తొట్టి మూలన మట్టికుండ పెంకు బోర్లించి, తొమ్మిదికల్లా లైటు ఆపెయ్యి.

మీ మావయ్య