టెక్ సందేహాలు: నూటికి ఆరున్నరైతే ఎనభై వేలకు ఎంత?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఫోన్ల గురించి అడిగినవి తక్కువ, వడ్డీ లెక్కల గురించి అడిగినవి ఎక్కువ. అందుకే అన్నీ అవే తీసుకున్నాను.

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పల్లె. ధాన్యం అమ్మిన డబ్బులో 80 వేలు బ్యాంకులో 146 రోజులకు ఫిక్స్‌డ్ వేశాను. ఏడాదికి 6.5 శాతం వడ్డీ అన్నారు. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో 80000 + 6.5% అని కొడితే 85,200 చూపించింది. అయిదు నెలలే కదా అని ఆ 5,200ను 12తో భాగించి 5తో హెచ్చవేస్తే 2,166 వచ్చింది. బ్యాంకు మాత్రం 2,080 వేసింది. తప్పు ఎవరిది? దీనికి మంచి యాప్ ఏదైనా ఉందా?

జవాబు: బ్యాంకు లెక్క సరిగ్గానే ఉందండీ. యాప్ కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఈ లెక్క మీరు కళ్లంలో రోజూ చేసేదే. పుట్టి, అంటే 850 కిలోలు, 17 వేలు పలికిందనుకోండి. మీ ధాన్యం 2,550 కిలోలు తూగితే కాగితం లేకుండానే ‘మూడు పుట్లు, 51 వేలు’ అనేస్తారు. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న త్రైరాశికం అదే. ఇంతకు ఇంతైతే, అంతకు ఎంత? క్రీ.శ. 499 నాటికే ఆర్యభటుడు దీనికి సూత్రం చెప్పాడు: ఫలాన్ని ఇచ్ఛతో హెచ్చవేసి ప్రమాణంతో భాగించాలి. మీ ధాన్యం లెక్కలో 850 ప్రమాణం, 17 వేలు ఫలం, 2,550 ఇచ్ఛ.

వడ్డీకి వచ్చేసరికి ఇంకొక్క మెట్టు ఉంది. ధాన్యానికి తూకం ఒక్కటే చాలు. డబ్బుకు మొత్తమూ చూడాలి, ఎన్నాళ్లు ఉందో అదీ చూడాలి. అందుకే వడ్డీ లెక్కను పాతకాలం పంతుళ్లు పంచరాశికంలో చెప్పేవారు. నేనైతే దాన్ని రెండు త్రైరాశికాలుగా విడగొడతాను, అప్పుడు ఎక్కడా తడబడం.

ముందు డబ్బు. 100 రూపాయలకు ఆరున్నర. మీ 80 వేలు వందకు 800 రెట్లు, కాబట్టి వడ్డీ కూడా 800 రెట్లు: 5,200. ఇది ఏడాదికి. తర్వాత కాలం. 365 రోజులకు 5,200 అయితే 146 రోజులకు ఎంత? 146 అంటే 365లో సరిగ్గా అయిదింట రెండు వంతులు. 5,200లో అయిదింట రెండు వంతులు 2,080. బ్యాంకు వేసింది అదే.

మీ లెక్క తప్పింది నెలల దగ్గర. 146 రోజులు అయిదు నెలలు కావు, 4.8 నెలలు. ఆ 0.2 నెల ఖరీదే మీకు తేడా వచ్చిన 86 రూపాయల చిల్లర. బ్యాంకు రోజులు లెక్కపెడుతుంది, మీరూ రోజులే పెట్టండి. సేవింగ్స్ ఖాతాలో కూడా 2010 ఏప్రిల్ 1 నుంచి ఏ రోజు నిల్వకు ఆ రోజే వడ్డీ కడుతున్నారు.

ఫోన్‌లో ఈ వరసలో కొట్టండి: 80000 × 6.5 × 146 ÷ 36500. చివరి 36500 అంటే వంద, 365 రెండూ కలిపి హెచ్చవేసినది. శాతం బటన్ జోలికి పోకండి. కూడిక పక్కన దాన్ని నొక్కితే కొన్ని క్యాలిక్యులేటర్లు మీకు వచ్చినట్టు 85,200 చూపిస్తాయి, కొన్ని 80000.065 అంటాయి. మీ ఫోన్ ఒకటి, మీ అబ్బాయి ఫోన్ ఇంకొకటి చెబితే ఇంట్లో అనవసరంగా గొడవ.

ప్రశ్న: మాది టంగుటూరు. పొగాకు వేలం డబ్బులొచ్చినప్పుడు తెలిసినవాళ్లు నలుగురికి నాలుగు తేదీల్లో నోటు రాయించుకుని ఇచ్చాం, నూటికి రూపాయిన్నర వడ్డీ. అమ్మ పుస్తకంలో రాసుకున్నదంతా నేను గూగుల్ షీట్స్‌లోకి ఎక్కించాను. రెండు వరుసల్లో ఎర్రర్ వస్తోంది. మిగతా రెండింటిలో లెక్క వస్తోంది కానీ, వడ్డీ మరీ తక్కువగా ఉందని అమ్మ ఒప్పుకోవడం లేదు.

జవాబు: అమ్మ మాటే నిజం తల్లీ. తప్పులు రెండు చోట్ల ఉన్నాయనుకుంటున్నాను.

మొదటిది రేటు. మన ఊళ్లలో నూటికి రూపాయిన్నర అంటే నెలకు, బ్యాంకు ఆరున్నర అంటే ఏడాదికి. నువ్వు రేటు గడిలో 1.5 వేసి రోజులను 365తో భాగించి ఉంటావు. నెల ఫలాన్ని ఏడాది ప్రమాణం పక్కన నిలబెట్టావన్నమాట, వడ్డీ పన్నెండో వంతుకు పడిపోయింది. రూపాయిన్నరను 12తో హెచ్చవేసి 18 అని వెయ్యి.

రెండోది తేదీలు. ఎర్రర్ వచ్చిన వరుసల కంటే లెక్క వచ్చిన వరుసలే నన్ను ఎక్కువ భయపెడుతున్నాయి. షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే ముందు నెల, తర్వాత రోజు చదువుతుంది. 13/05/2025 అని నువ్వు వేస్తే పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని ఉత్త అక్షరాల కింద తీసుకుంటుంది, లెక్క దగ్గర ఎర్రర్ చూపిస్తుంది. అది నయం, తప్పు కంటికి కనపడింది. 05/03/2025 అని వేస్తే కిక్కురుమనకుండా మే 3 అనుకుంటుంది. మార్చి 5కీ మే 3కీ మధ్య 59 రోజులు. లక్ష రూపాయల మీద రూపాయిన్నర చొప్పున ఆ 59 రోజుల వడ్డీ 2,909 రూపాయలు. షీట్‌లో ఎక్కడా ఎర్ర గీత పడదు, డబ్బు మాత్రం పోతుంది.

కంప్యూటర్‌లో షీట్ తెరిచి, ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్లి, లొకేల్ దగ్గర ఇండియా పెట్టు. అది మారినంత మాత్రాన పాత తేదీలు వాటంతటవి సర్దుకోవు, నాలుగూ చెరిపి మళ్లీ టైప్ చెయ్యి. సరిగా పడిన తేదీ గడిలో కుడివైపుకు జరుగుతుంది. ఎడమవైపే ఉండిపోయిందంటే షీట్ దాన్ని తేదీగా గుర్తించలేదని అర్థం.

ఇప్పుడు ఎ గడిలో పేరు, బిలో ఇచ్చిన తేదీ, సిలో అసలు, డిలో ఏడాది రేటు, ఇలో లెక్క కట్టే తేదీ పెట్టుకుని, పక్క గడిలో ఇలా వెయ్యి (అక్షరాలు ఇంగ్లీషు కీబోర్డుతోనే కొట్టాలి): =సి2*డి2*(ఇ2-బి2)/36500. జవాబు తేదీలాగా కనిపిస్తే ఫార్మాట్‌లో నంబర్ ఎంచుకో. డి గడి శాతం ఫార్మాట్‌లో ఉంటే 18ని 0.18గా తీసుకుంటుంది, వడ్డీ నూరో వంతు వస్తుంది. దాన్నీ మామూలు నంబర్ చెయ్యి.

అసలు లెక్కల కంటే పైన ఒక పరీక్ష వరుస పెట్టమని నా సలహా. అసలు 100, రేటు 18, ఇచ్చిన తేదీ 01/04/2025, లెక్క తేదీ 01/04/2026. జవాబు సరిగ్గా 18 రావాలి. రాకపోతే కింద వరుసలు దేన్నీ నమ్మకు.

ఇంకొక గడి కూడా చేర్చు: =ఈడేట్(బి2,36). ఈడేట్‌ను EDATE అని కొట్టాలి. ఇచ్చిన తేదీ నుంచి 36 నెలలు దాటే రోజును చూపిస్తుంది. ప్రోనోటుకు చట్టం పెట్టిన గడువు 3 ఏళ్లు. ఆలోపే కొంత జమ కట్టించుకుని నోటు వెనక తేదీతో రాయించి సంతకం పెట్టించుకోవడమో, కొత్త నోటు రాయించుకోవడమో చేయాలి. వడ్డీ లెక్క పైసాతో సహా సరిపోయి, నోటు కాలదోషం పడితే ఏం లాభం?

ప్రశ్న: చీమకుర్తి నుంచి. అయిదేళ్ల డిపాజిట్ ప్రకటనలో వడ్డీ 7 శాతం అని ఒకచోట, రాబడి 8.3 శాతం అని ఇంకోచోట ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: 7 శాతమే. త్రైరాశికం పనికిరాని చోట వాడితే వచ్చేది ఆ 8.3.

మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలిసే డిపాజిట్‌లో లక్ష వేస్తే మొదటి మూడు నెలలకు 1,750 వస్తుంది. అది అసలులో కలిసి 1,01,750 అవుతుంది, తర్వాతి మూడు నెలలకు దాని మీద 1,780. అలా 20 సార్లు పెరిగితే అయిదేళ్లకు చేతికి వచ్చేది 1,41,478. ఈ 41,478 వడ్డీని అయిదుతో భాగించి ఏడాదికి 8,296 అన్నారు. అదే 8.3. నిజానికి మొదటి ఏడాది చివర ఆ డిపాజిట్ మీద జమయ్యేది 7,186 మాత్రమే. బారువడ్డీ ప్రతి ఏడాదీ ఒకేలా ఉంటుంది కాబట్టి అక్కడ భాగించవచ్చు. చక్రవడ్డీ రోజురోజుకూ లావెక్కుతుంది, దాన్ని సమానంగా కోస్తే ఏ ముక్కా నిజం చెప్పదు.

పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో ఈ చిక్కు లేదు. 2023 ఏప్రిల్ నుంచి అందులో ఒకరి పేరున 9 లక్షల వరకు వేయవచ్చు. 7.4 శాతం లెక్కన నెలకు 5,550. వడ్డీ ప్రతి నెలా బయటికి వచ్చేస్తుంది, అసలుకు అంటుకోదు. అక్కడ త్రైరాశికం అరవై నెలలూ పనిచేస్తుంది.

ప్రశ్న: కావలి నుంచి. ఒక యాప్‌లో 10 వేలు పెడితే రోజుకు 200 ఇస్తామంటున్నారు. మా ఆయన వారం నుంచి తీసుకుంటున్నారు కూడా. ఇంకో 50 వేలు పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

జవాబు: వద్దమ్మా. ఒక్క త్రైరాశికం వేసి చూడండి. 10 వేలకు రోజుకు 200 అంటే వందకు రోజుకు 2, నెలకు 60. మన మాటలో నూటికి అరవై రూపాయల వడ్డీ. అయిదు రూపాయల వడ్డీ అంటేనే గుండె పట్టుకుంటాం, 60 రూపాయలు కట్టి నిలబడే వ్యాపారం ఎక్కడుంది? ఈ వారం ఆయనకు వచ్చిన 1,400 మీ పది వేలలోంచి తీసి ఇచ్చినవే అయ్యుంటాయి, యాభై వేలు రాబట్టడానికి.

ఇప్పుడే మొత్తం వెనక్కి తీసుకోమనండి. విత్‌డ్రా చేయాలంటే ముందు పన్ను కట్టండి, ఫీజు కట్టండి అని అడిగితే ఒక్క రూపాయి కూడా వేయవద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు పంపిన బ్యాంకు ఖాతా, యూపీఐ లావాదేవీ నంబర్లు చేతిలో పెట్టుకుని చేయండి, వాళ్లు మొదట అడిగేవి అవే.