జ్ఞాన దంతం తీయించుకున్నాక నాలుగో రోజు నొప్పి పెరిగితే మామూలేనా?

సోమవారం పన్ను తీశారు, రెండు రోజులు బాగానే ఉంది, గురువారం నుంచి నొప్పి చెవిలోకి పాకుతోంది, మామూలేనా అని అడిగారు. మామూలు కాదండీ. తగ్గుతూ రావాల్సిన నొప్పి తిరగబెట్టిందంటే తీసిన డాక్టరు దగ్గరికే వెళ్లాలి. మందుల షాపులో ఇంకో స్ట్రిప్ కొనుక్కుని ఇంట్లో కూర్చోకండి. నేను అదే చేసి రెండు రాత్రులు నరకం చూశాను.

నాది కింద కుడివైపు పన్ను. నిటారుగా రాకుండా పక్క పన్నుకి ఆనుకుని అడ్డంగా పడుకుంది. ఓపీజీ (దవడలు, పళ్లు మొత్తం ఒకేసారి కనిపించే) ఎక్స్‌రే తీసి, చిగురు కోసి, పన్నును రెండు ముక్కలు చేసి తీశారు. మూడు కుట్లు పడ్డాయి. తీసేటప్పుడు నొప్పే తెలియలేదు. తప్పంతా ఇంటికొచ్చాక జరిగింది. నోట్లో రక్తం రుచి తగిలినప్పుడల్లా వెళ్లి ఉమ్మాను. అత్తయ్య చెప్పిందని ఆ రాత్రే ఉప్పునీళ్లతో గట్టిగా పుక్కిలించాను. మర్నాడు కొబ్బరి బొండం స్ట్రాతో తాగాను.

మూడో రోజు రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. నొప్పి పన్ను తీసిన చోట కాదు, చెవి లోపల, కణత దాకా లాగుతోంది. మాత్ర వేసుకుంటే గంట ఆగి మళ్లీ మొదలు. నాలుగో రాత్రీ అంతే. మా ఆవిడ ఫోన్ టార్చి వేసి చూసి, ‘అక్కడ రక్తం గడ్డేమీ లేదండీ, గుంటలో తెల్లగా ఏదో కనిపిస్తోంది’ అంది. ఆ తెల్లగా కనిపించింది ఎముక.

తెల్లారి వెళితే డ్రై సాకెట్ అన్నారు. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి ఎముకకి మూతలా నిలవాలి. నేను చేసినట్టు ఉమ్మినా, గట్టిగా పుక్కిలించినా, స్ట్రాతో పీల్చినా ఆ గడ్డ ఊడిపోవచ్చు. ఊడిపోతే గాలి, అన్నం, నీళ్లు అన్నీ నేరుగా ఎముకకే తగులుతాయి. యాంటీబయాటిక్ మార్చమని నేనే అడిగాను. ఇది దానితో తగ్గేది కాదు, కడిగి మందు పెట్టాలి అన్నారు. సిరంజితో సెలైన్ కొట్టి కడిగితే రెండు అన్నం మెతుకులు బయటికొచ్చాయి. తర్వాత లవంగ నూనె వాసన వచ్చే మందు అద్దిన సన్నటి గుడ్డముక్క గుంటలో పెట్టారు. పావుగంటలో చెవిపోటు దిగిపోయింది. రోజు విడిచి రోజు మూడుసార్లు మార్చారు. ఇది చదివి లవంగ నూనె మీరే గుంటలో పోసుకోకండి, చిగుళ్లు పొక్కిపోతాయి.

నా బాధల్లా ఒక్కటే. ఏం చేయకూడదో ఆ జాగ్రత్తలన్నీ నాకు ముందే ఇచ్చారు, ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో, ఒక కాగితం మీద. నోరు మొద్దుబారి, దూది కొరికి పట్టుకుని ఉన్న మనిషి అది చదువుతాడా? ‘ఉమ్మకండి, లాలాజలం మింగెయ్యండి, పుక్కిలించడం రేపటి నుంచి, అదీ మెల్లగా’ అని తెలుగులో ఒక్క ముక్క చెబితే ఏం పోయింది? సిగరెట్ తాగేవాళ్లకైతే ఇది మరీ గట్టిగా చెప్పాలి. మనవాళ్లలో ఈ బాధ చాలామందికి ఉమ్మడం వల్లే వస్తుందని నా గట్టి నమ్మకం.

చెప్పే డాక్టర్లూ ఉన్నారు. మా చెల్లెలికి తీసే ముందే ఎక్స్‌రే చూపించి, వేరు నరానికి దగ్గరగా ఉంది, పెదవి కొన్నాళ్లు మొద్దుబారొచ్చు అన్నారు. అలాగే అయింది. వెళ్లిన ప్రతిసారీ దూదితో, సూదిమొనతో తాకి స్పర్శ ఎక్కడిదాకా తెలుస్తోందో రాసుకునేవారు. నాలుగు నెలలకి పూర్తిగా తిరిగొచ్చింది. ముందే తెలుసు కాబట్టి అన్నాళ్లూ తను టెన్షన్ పడలేదు.

మీకు జ్వరం వచ్చినా, వాపు గొంతు కిందికి దిగినా, మింగడం కష్టమైనా క్లినిక్ తెరిచేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి. అవేవీ లేకపోతే ఇప్పటిదాకా వేసుకున్న మాత్రల స్ట్రిప్పులు పట్టుకుని రేపు శనివారమే మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆదివారం చాలా క్లినిక్‌లు తీయరు.