పవర్ లైట్ వెలుగుతుంటే రౌటర్ బతికే ఉండొచ్చు, పారేయకండి

ఫర్మ్‌వేర్ (రౌటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ పెట్టాక రౌటర్ ఆన్ అవట్లేదు, పవర్ లైట్ ఒక్కటే వెలుగుతోంది, షాపులో బోర్డు పోయిందన్నారు, కొత్తది కొనాలా అని అడిగారు. కొనొద్దండి. చాలా మోడళ్లలో మామూలు అప్‌డేట్ బూట్‌లోడర్ (పవర్ ఇవ్వగానే ముందు లేచి మిగతాదాన్ని లేపే చిన్న ప్రోగ్రాం) జోలికి పోదు, దాని వెనకున్న సాఫ్ట్‌వేరే సగం రాసి ఆగిపోయిద్ది. బూట్‌లోడర్ ఉంటే మిగతాది మళ్లీ ఎక్కించుకోవచ్చు. మూత కూడా తియ్యకుండా బోర్డు పోయిందని చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోద్ది.

మాది గుంటూరు బ్రాడీపేట. పోయిన ఎండాకాలం రాత్రి పదిన్నరకి మా టీపీ-లింక్ ఆర్చర్ సీ7 రౌటర్‌కి అప్‌డేట్ పెట్టా, సగం దాటిందో లేదో కరెంటు పోయింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఫ్యాను తిరుగుతానే ఉంది, కానీ రౌటర్ ఉన్న ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను లేదు. ఇల్లు కట్టేటప్పుడు ఫ్యాన్లకీ లైట్లకీ లైను ఇచ్చి ప్లగ్గులు వదిలేస్తారు, ఇప్పుడు ఏ ఇంట్లో అయినా ఫ్యాను కన్నా నెట్టే ముందు కావాలి, ఇది ఎలక్ట్రీషియన్లకి ఎప్పుడు తెలిసిద్దో. రెండు నిమిషాల్లో కరెంటు వచ్చింది, రౌటర్ మాత్రం రాలేదు. తెల్లారి ఎనిమిదింటికి మా ఆవిడకి ఆఫీసు మీటింగు.

నెట్‌లో అందరూ చెప్పేది రీసెట్ బటన్ 30 సెకన్లు నొక్కు, ప్లగ్గు తీసి ఇంకో 30, మళ్లీ పెట్టి 30 అని. టైం వేస్టు. రీసెట్ చేస్తే సెట్టింగులు పోతాయి అంతే, సగం రాసిన సాఫ్ట్‌వేర్ పూర్తి కాదు.

నేను చేసింది టీఎఫ్‌టీపీ రికవరీ, అంటే ల్యాప్‌టాప్‌లో టీఎఫ్‌టీపీ సర్వర్ అనే చిన్న ప్రోగ్రాం నడుపుతూ, రౌటర్ అడగ్గానే కేబుల్ మీద ఫర్మ్‌వేర్ ఫైల్ అందించడం. ఫోన్ డేటాతో కంపెనీ సైట్ నుంచి ఫర్మ్‌వేర్ దించా, అది రౌటర్ కింద స్టిక్కర్ మీదున్న వెర్షన్‌దే అయ్యుండాలి, వీ2కి వీ5ది ఎక్కించకూడదు. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, లాన్ కేబుల్ పెట్టి, ఐపీ అడ్రసు 192.168.0.66 అని చేత్తో ఇచ్చా, ఎందుకంటే ఈ మోడల్ బూట్‌లోడర్ ఫైల్ కోసం ఆ ఒక్క అడ్రసునే అడిగిద్ది. ఫైల్ పేరు కూడా అది అడిగినట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. విండోస్ చివరి డాట్ బిన్‌ని దాచేస్తది కాబట్టి మనం ఇంకో డాట్ బిన్ తగిలిస్తాం, నాకు ఒక గంట అక్కడే పోయింది. ఫైర్‌వాల్ కూడా ఆపా. రౌటర్ వెనక రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తున్నా, అయినా ల్యాప్‌టాప్‌లో ఏ కదలికా లేదు.

పన్నెండు దాటాక అరండల్‌పేటలో ఒకప్పుడు నెట్ సెంటర్ నడిపిన మా బాబాయికి ఫోన్ చేశా. మొత్తం విని, "ఒరే అబ్బాయ్, రౌటర్ ఆఫ్ చేసినప్పుడల్లా నీ ల్యాప్‌టాప్ కేబుల్ ఊడిందనుకుంటది, అది తేరుకునేలోపు రౌటర్ అడగటం అయిపోయిద్ది, మధ్యలో ఒక నెట్‌వర్క్ స్విచ్ పెట్టు" అన్నాడు. బండేసుకుని వెళ్లి ఆయన అటక మీద నుంచి దుమ్ము పట్టిన ఎనిమిది పోర్టుల స్విచ్ (లాన్ కేబుళ్లని కలిపే చిన్న పెట్టె) తెచ్చుకున్నా. ల్యాప్‌టాప్ స్విచ్‌కి, స్విచ్ నుంచి రౌటర్ లాన్ పోర్టుకి. బటన్ పట్టుకుని పవర్ ఆన్ చేశా. తెర మీద ఫలానా ఫైల్ కావాలని రౌటర్ అడిగిన లైను వచ్చింది చూడండి, ప్రాణం లేచొచ్చింది! ఫైల్ వెళ్లడం కొన్ని సెకన్లే, తర్వాత మాత్రం అయిదు నిమిషాలు చెయ్యి పెట్టకుండా కూర్చున్నా. ఒక్కో లైటూ వెలిగింది.

ఇదంతా మొదలెట్టే ముందు అడాప్టర్ చూసుకోండి. పిన్ను పట్టిందని సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ పెట్టేస్తుంటారు, వోల్టులు కలవాలి, ఆంప్స్ రౌటర్ మీద రాసినదానికి తగ్గకూడదు. తగ్గితే లైటు వెలుగుద్ది గానీ బూట్ అవుతా అవుతా ఆగిపోయిద్ది, మనం అప్‌డేట్‌ని తిట్టుకుంటాం. రౌటర్ నెట్ కనెక్షన్ వాళ్లు ఇచ్చిందైతే మీరు ముట్టుకోవద్దు, వాళ్లకే చెప్పి మార్పించుకోండి.

వేరే కంపెనీ అయితే అడ్రసు, బటన్ పద్ధతి మారతాయి, కాబట్టి స్టిక్కర్ మీద మోడల్, వెర్షన్ చూసి కింద రాయండి. బటన్ పట్టుకున్నప్పుడు ఏ లైటు ఎలా కొట్టుకుంటుందో కూడా రాయండి. గుంటూరు చుట్టుపక్కల ఉంటే చెప్పండి, ఆ స్విచ్ ఇంకా నా దగ్గరే ఉంది, పట్టుకెళ్దురు.