సీప్యాప్ పెట్టిన బిడ్డ దగ్గర

అమ్మాయ్,

ఎస్‌ఎన్‌సీయూలో, అదే జబ్బుపడ్డ పసికందుల ప్రత్యేక వార్డులో డ్యూటీ వేశారని, సీప్యాప్ (ముక్కు ద్వారా ఆగకుండా గాలి ఒత్తిడి ఇచ్చే పరికరం) అంటేనే టెన్షన్‌గా ఉందని రాశావు. మొదట్లో నాకూ అంతే.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరితిత్తుల్లో సర్ఫ్యాక్టెంట్, అంటే గాలి గదులు అతుక్కోకుండా కాపాడే పదార్థం, చాలదు. ఊపిరి వదిలిన ప్రతిసారీ గాలి గదులు అతుక్కుపోతుంటాయి. వాటిని మళ్లీ తెరవడానికి ఆ కిలోన్నర ప్రాణం డొక్కలెగరేస్తుంది, మూలుగుతుంది. ఆ మూలుగును ఏడుపనుకోకు. గొంతు బిగించి కాస్త గాలిని లోపలే ఆపుకోవడానికి బిడ్డ పడే పాట్లు అవి. సీప్యాప్ చేసేదీ అదే, బిడ్డ అలసిపోకుండా. గ్రెగరీ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు 1971లో ఈ వైద్యం గురించి ప్రకటించారు.

మన బబుల్ సీప్యాప్‌లో లెక్క తేలిక. గాలి బయటికెళ్లే గొట్టం సీసా నీళ్లలో ఎన్ని సెంటీమీటర్లు మునిగితే అంత ప్రెషర్. మామూలుగా 5, 6తో మొదలుపెడతారు. గొట్టంలో చేరిన తడి సీసాలోకి జారినా, నీళ్లు తగ్గినా ఆ అంకె మారిపోతుంది. అందుకే డ్యూటీ తీసుకోగానే ముందు సీసా చూడు, తర్వాత గాలికి తడి అందించే హ్యుమిడిఫయర్‌లో నీళ్లు.

బుడగలు ఆగాయంటే ఎక్కడో గాలి పోతోందని. ఇక్కడే నేనొకసారి తప్పు చేశాను. రాత్రంతా బుడగలు మాటిమాటికీ ఆగుతుంటే, విసుగొచ్చి ప్రాంగ్స్‌ను (ముక్కు రంధ్రాల్లో పెట్టే చిన్న గొట్టాలు) లోపలికి ఇంకాస్త నొక్కి, వాటిని పట్టి ఉంచే టోపీ తాళ్లు బిగించాను. బుడగలొచ్చాయి, హాయిగా ఫైల్ రాసుకున్నాను. తెల్లారి ప్రాంగ్స్ తీసి తుడుస్తుంటే, రెండు రంధ్రాల మధ్య గోడ తెల్లగా పాలిపోయి ఉంది, అంచున బియ్యపు గింజంత పుండు. అసలు గాలి పోయింది నోట్లోంచి! గడ్డానికి కాస్త ఆసరా ఇచ్చి నోరు మూసి ఉంచితే సరిపోయేది. ఆ గోడకీ ప్రాంగ్స్‌కీ మధ్య సన్నని సందు కనబడాలి. రెండు మూడు గంటలకోసారి టార్చ్ వేసి చూడు.

బుడగలు బాగా వస్తున్నాయని ధీమా కూడా పడకు. ముక్కు చీమిడితో మూసుకుపోయినా సీసాలో బుడగలు వస్తూనే ఉంటాయి. గుడ్డ తీసి ఛాతీ చూసి, ఊపిరికి బిడ్డ ఎంత కష్టపడుతోందో చెప్పే సిల్వర్‌మన్ స్కోరు వెయ్యి. పొట్ట ఉబ్బుతుంటే ఓజీ ట్యూబ్ (నోట్లోంచి పొట్టలోకి వేసే గొట్టం) తెరిచి ఉందో లేదో చూడు. పాలు పోశాక మూసి, మళ్లీ తెరవడం మనవాళ్లు తరచూ మర్చిపోతారు. ఆక్సిజన్ మీదున్న నెలతక్కువ బిడ్డకు శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 90 నుంచి 95 చాలు. 100 చూసి సంబరపడకు, ఆక్సిజన్ ఎక్కువైతే కళ్లు దెబ్బతినొచ్చు. ఆక్సిజన్ పెంచుకుంటూ పోవాల్సి వస్తున్నా, ఊపిరి ఆగి ఆగి తీస్తున్నా, ఉన్నట్టుండి శాచురేషన్ పడిపోయినా డాక్టర్ గారికి వెంటనే ఫోన్ చెయ్యి. నిద్రలో ఉంటారేమోనని మొహమాటపడకు.

తల్లి వచ్చి ఆ గొట్టాలు చూసి "వెంటిలేటరా సిస్టర్?" అని ఏడుస్తుంది. కాదమ్మా, ఊపిరి వాడే తీస్తున్నాడు, మేం సాయం పట్టామంతే అని చెప్పు. బిడ్డ నిలకడగా ఉంటే, డాక్టర్ గారు సరేనంటే, సీప్యాప్ ఉండగానే కంగారూ కేర్ (బిడ్డను తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టడం) ఇప్పించవచ్చు. గొట్టాన్ని ఆవిడ జాకెట్టుకు ప్లాస్టరుతో అంటించు. లేదంటే ఆవిడ దగ్గినా ప్రాంగ్స్ ఊడొస్తాయి.

మీ అక్క