పేరు మారిన జబ్బు, మంచం దిగని తమ్ముడు

ప్రశ్న: మా తమ్ముడి వయసు 28. ఐదేళ్లుగా స్కిజోఫ్రెనియాకు మందులు వాడుతున్నాడు. రెండుసార్లు నెలల తరబడి దిగులులో మునిగిపోయాడు. కిందటేడు మూడు వారాలపాటు సరిగా నిద్రపోకుండా, ఆగకుండా మాట్లాడుతూ, దాచుకున్న డబ్బంతా ఖర్చుపెట్టేశాడు. ఇప్పుడు చూస్తున్న డాక్టరుగారు ఇది స్కిజోఎఫెక్టివ్ డిజార్డర్ అంటున్నారు. ఇన్నాళ్లూ తప్పు వైద్యం జరిగిందా? ఈమధ్య వాడు మంచం దిగడం లేదు. బద్ధకమని నాన్నగారు కోప్పడుతున్నారు.
– ఒక అక్క, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్నిబట్టి తప్పు వైద్యం జరిగిందని అనుకోనక్కర్లేదు. ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం, ఎవరో హాని తలపెట్టారని గట్టిగా నమ్మడం వంటి లక్షణాలు రెండు జబ్బుల్లోనూ ఉంటాయి, వాటికి వాడే ప్రధానమైన మందులూ చాలావరకు ఒకటే. తేడా అంతా మనసు ఎత్తుపల్లాలు ఎంతకాలం, ఎప్పుడు వచ్చాయన్నదానిలో ఉంది. జబ్బు నడిచిన మొత్తం కాలంలో ఎక్కువ భాగం తీవ్రమైన దిగులో, మితిమీరిన ఉద్రేకమో కలిసే ఉండి, అవి లేని సమయంలో కూడా కనీసం రెండు వారాలపాటు మాటలు వినిపించడమో, నిరాధారమైన నమ్మకాలు కొనసాగడమో జరిగితే దాన్ని స్కిజోఎఫెక్టివ్ డిజార్డర్ అంటారు. ఇది ఒక్కరోజు చూసి తేల్చగలిగేది కాదు గనుక, కొన్నేళ్ల చరిత్ర చేతికొచ్చాక పేరు మారడం మామూలే. మానసిక వైద్యుడు జేకబ్ కసానిన్ 1933లో ఈ పేరు పెట్టిన నాటి నుంచీ ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న చర్చ వైద్యుల్లో నడుస్తూనే ఉంది.

పేరు మారినందువల్ల చికిత్సలో మూడ్‌ను నిలకడగా ఉంచే మందు ఒకటి చేరవచ్చు. అది లిథియం అయితే రక్తంలో దాని మోతాదును, థైరాయిడ్, కిడ్నీల పనితీరును క్రమంగా పరీక్షించాలి. మన ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గినా, డాక్టరును అడగకుండా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకున్నా లిథియం ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, మాట తడబడడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక మంచం దిగకపోవడం గురించి. దయచేసి దాన్ని బద్ధకమనకండి, నాన్నగారికి ఈ పేరా చదివి వినిపించండి. దీనికి కనీసం మూడు కారణాలు ఉండవచ్చు. స్కిజోఫ్రెనియా తరహా జబ్బుల్లో పని మొదలుపెట్టే చొరవే ఎండిపోతుంది. అడిగితే బాధ ఏమీ లేదంటారు, ముఖంలో భావమే కనిపించదు. డిప్రెషన్ అయితే తెల్లవారకముందే మెలకువ రావడం, తానే తప్పు చేశానన్న భావం, ఇక బతికి లాభం లేదన్న మాట బయటపడతాయి. మూడోది మందుల ప్రభావం: కొన్ని విపరీతమైన మత్తునిస్తాయి, కొన్ని ఒళ్లు బిగుసుకునేలా చేస్తాయి. మూడింటికీ పరిష్కారం వేరు, కాబట్టి మీరు డాక్టరుగారికి చెప్పే వివరమే ఇక్కడ కీలకం. ఒక నోటు పుస్తకంలో రోజూ నిద్ర ఎన్ని గంటలు, మాటలు వినిపించాయా లేదా, మనసు ఎలా ఉంది, మందు వేసుకున్నాడా అని నాలుగు ముక్కలు రాయండి. వీలైతే తమ్ముడితోనే రాయించండి. తన గురించి తాను చెప్పుకునే హక్కు ముందు అతనిది. రెండు నెలల రాతలు చూస్తే ఏ లక్షణం ఏ లక్షణంతో కలిసి వస్తోందో డాక్టరుగారికి తెలుస్తుంది.

నిద్ర తగ్గి ఉత్సాహం పెరగడం మొదలైతే మూడు వారాలు ఆగకండి, రెండు మూడు రోజుల్లోనే డాక్టరును కలవండి. బాగున్నాడని మందు ఆపవద్దు. చనిపోవాలన్న ఆలోచన ఉందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఉందంటే అతన్ని ఒంటరిగా వదలకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. ఎర్రగడ్డ పేరు చెబితే జంకే ఇళ్లు నగరంలో ఇంకా ఉన్నాయి. అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చూపించుకోవడంలో నామోషీ ఏమీ లేదు. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.