గ్రూప్ కలిసినా క్రాస్‌మ్యాచ్ ఎందుకు కుదరలేదంటే

రాయగడ తమ్ముడూ, అక్కకి కిడ్నీ ఇద్దామంటే బ్లడ్ గ్రూప్ కలిసింది, అక్క రక్తం నీ కణాల మీద తిరగబడుతుందా అని చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష మాత్రం పాజిటివ్, అంటే పడదని వచ్చింది, సొంత తమ్ముడిది కూడా పరాయిదేనా అన్నావు కదా. ఒంటికి చుట్టరికాలు తెలీవు, కణాల మీద గుర్తింపు కార్డుల్లా ఉండే హెచ్‌ఎల్‌ఏ ప్రొటీన్లే తెలుసు, తోబుట్టువుల్లో అవి పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే. తేడా పసిగట్టిన కిల్లర్ టీ కణం (ఒక రకం తెల్ల రక్తకణం) ఎదుటి కణానికి అతుక్కుని, పెర్ఫోరిన్ అనే ప్రొటీన్‌తో పొరకి చిల్లు పెట్టి, గ్రాంజైమ్‌లనే ఎంజైమ్‌లని లోపలికి వదులుతుంది, దాంతో ఆ కణం తనని తానే చంపుకుంటుంది. మీ రిపోర్టులో గొడవ మాత్రం అక్క రక్తంలోని యాంటీబాడీలది, అంటే పరాయి హెచ్‌ఎల్‌ఏకి అతుక్కుని దాడి చేయించే ప్రొటీన్లది. కాన్పుల వల్లో, రక్తం ఎక్కించడం వల్లో అవి ముందే తయారై ఉంటాయి. విశాఖ వెళ్ళేటప్పుడు అక్క పాత ఆస్పత్రి కాగితాలు, ఒడియాలో రాసిచ్చినవైనా సరే, పట్టుకెళ్ళు. యాంటీబాడీలు తగ్గించే చికిత్స ఉంది, అదీ కాకపోతే స్వాప్, అంటే ఇలాగే కుదరని ఇంకో కుటుంబంతో దాతలని మార్చుకోవడం గురించి అడుగు, 2011 సవరణతో అవయవ మార్పిడి చట్టమే ఒప్పుకుంది.